పక్క కోడి ముక్కున ఉన్న పురుగు

ఒకప్పుడు కోళ్లు ఇప్పటిలా ఉండేవి కావు. చాలా మర్యాదగా తినేవి.

ఒక కోడికి పురుగు దొరికిందనుకోండి. పక్క కోడి తలెత్తి చూసేది కూడా కాదు. ఒకవేళ చూసినా, "తిను అక్కా, నాది నాకు దొరుకుతుందిలే" అనేది. ఎవరి గింజ వాళ్లది, ఎవరి పురుగు వాళ్లది. వంద కోళ్లు ఒకచోట మేస్తున్నా టిక్కు టిక్కుమని ముక్కుల చప్పుడే తప్ప గొడవన్నది వినబడేది కాదు.

ఆ రోజుల్లో గోదావరి గట్టుమీద నూకరత్నం అనే ఆవిడ ఉండేది. ఆమె మొగుడు అబ్బులు నావ నడిపేవాడు. వాళ్ల పెరట్లో ఏడు పెట్టలూ ఒక పుంజూ ఉండేవి.

ఆ ఏడింటిలో రెండు అక్కచెల్లెళ్లు. ఒకే గంపలో, ఒకే పొద్దున గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చాయి. ముందు వచ్చింది డేగపెట్ట. ఒళ్లంతా ఎరుపు. కాసేపటికి వచ్చింది పర్లపెట్ట. దాని మెడమీద నలుపూ తెలుపూ కలగలిసిన ఈకలు. చలికాలం రెండూ ఒకదాని రెక్క కింద ఒకటి దూరి పడుకునేవి.

ఆ ఇంట్లో అన్నిటికంటే పెద్ద గుడ్డు పెట్టేది పర్లపెట్ట. నూకరత్నం ఆ గుడ్డు అరచేతిలో పెట్టుకుని, "మా పర్ల బంగారం!" అనేది. రోజూ వినీ వినీ పర్లకి ఆ మాట అలవాటైపోయింది. పొద్దున్నే చల్లే నూకల్లాగే ఆ మాట కూడా రోజూ తనకి రావాల్సిందే అనుకునేది.

ఆ ఏడు ఎండలు ముదిరాయి.

పెరడు పెనంలా కాలింది. వెతికినా ఒక గడ్డిపరక లేదు. నేల ఎంత గట్టిపడిందంటే, ముక్కుతో పొడిస్తే ముక్కే నొప్పెట్టేది. కోళ్లు రెక్కలు ఎడంగా పెట్టుకుని నోరు తెరిచి రొప్పుతున్నాయి. గుడ్లు తగ్గిపోయాయి. పెట్టిన గుడ్లకి పెంకు కూడా పల్చబడింది.

నూకరత్నం చూసి చూసి, "ఏమయ్యా, ఇలాగైతే కోళ్లు మనకి దక్కవు. వేసంగి అయ్యేదాకా లంకలో పెడదాం" అంది.

లంక అంటే గోదావరి మధ్యలో ఉండే దిబ్బ. ఊరంతా ఎండిపోయినా అక్కడ ఇసుక కింద చెమ్మ ఉంటుంది. అందుకని గడ్డి పచ్చగా మోకాలెత్తు ఉంటుంది.

అబ్బులు నవ్వాడు. "కోళ్లకి గడ్డేంటే? అవేమన్నా గేదెలా?"

"గడ్డిలో పురుగుంటుంది. పురుగుంటే కోడుంటుంది. నువ్వు తడికలు కట్టు, చాలు."

అబ్బులు నాలుగు వెదురు తడికలు కట్టాడు. గద్ద దిగకుండా పైన కప్పడానికి కొబ్బరాకులు కోశాడు. మర్నాడు తెల్లవారగానే నూకరత్నం పెద్ద గంప తెచ్చి కోళ్లని ఒక్కొక్కటే పట్టి అందులో పెట్టింది.

ఆరు పెట్టలూ పుంజూ గంపలోకి వెళ్లాయి. ఏడోది పర్లపెట్ట. అది వంటపాక మూలన చిన్న గంపలో తొమ్మిది గుడ్లమీద కూర్చుని ఉంది. పొదగడం మొదలుపెట్టి అప్పటికి పదకొండు రోజులైంది.

"అమ్మా, నేనూ వస్తాను" అంది పర్ల.

నూకరత్నం దాని వీపు నిమిరింది. "నిన్ను కదిపితే గుడ్లు పాడైపోతాయే తల్లీ. ఇంకా పది రోజులే. పిల్లలు దిగగానే నిన్నూ వాళ్లనీ కలిపి తీసుకెళ్తాను. పగలు నేను లంకలో ఉన్నా సందేళకి ఇంటికొచ్చేస్తాగా."

డేగపెట్ట గంపలోంచి తల బయటికి పెట్టింది. "నేనూ ఉండిపోనా చెల్లీ? నీకు తోడుగా?"

ఉండమని చెప్పాలని పర్లకి చాలా అనిపించింది. కానీ చెప్పలేదు. "ఎందుకు, వెళ్లు. నాకేం భయమా?" అంది.

డేగ వెళ్లిపోయింది. వంటపాక తలుపు తడిక మూసి నూకరత్నం కూడా వెళ్లిపోయింది. పెరడు నిశ్శబ్దంగా అయిపోయింది.

మొదటి రోజు పర్ల బాగానే ఉంది. మూకుట్లో నీళ్లు తాగింది. పెట్టిన నూకలు తింది. గుడ్లు అటూ ఇటూ తిప్పి కూర్చుంది.

సందేళకి నూకరత్నం వచ్చింది. కాళ్లు కడుక్కుంటూ మొగుడితో అంది. "చూడాల్సింది నువ్వు! గడ్డిలో వదలగానే డేగ ఎలా గెంతిందో! మిడతల్ని పట్టడమూ తినడమూ. పట్టడమూ తినడమూ."

పర్ల మెడ కొంచెం ఎత్తింది.

రెండో రోజు సందేళ నూకరత్నం అంది. "డేగ ఒళ్లు తేరింది. ఈకలు ఎలా మెరుస్తున్నాయో! నూనె రాసినట్టే."

పర్ల తన వీపు వైపు చూసుకుంది. ఈకలు దుమ్ము పట్టి ఉన్నాయి.

మూడో రోజు నూకరత్నం లంకనుంచి గుడ్లు తెచ్చింది. ఒకటి పగలగొట్టి పెనంమీద వేసింది. పచ్చసొన ముద్దబంతి పువ్వులా ఉంది. అబ్బులు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇన్నేళ్లలో ఇలాంటి గుడ్డు తినలేదే రత్నం! ఏ పెట్టది?"

"డేగది" అంది నూకరత్నం. "మా డేగ బంగారం!"

ఆ మాట పర్ల చెవిన పడింది.

కోడికి కడుపులో కందనకాయ ఉంటుంది కదా, తిన్న గింజని నూరేది. అందులో ఒక వేడి రాయి పడినట్టయింది పర్లకి. ఆ రాయి అరగలేదు. ఆ రోజూ అరగలేదు, మర్నాడూ అరగలేదు. నూకలు తింటే నూకలు చప్పగా అనిపించాయి. నీళ్లు తాగితే వేడిగా అనిపించాయి.

'నేనిక్కడ పొయ్యి పక్కన ఉడికిపోతున్నాను. అదక్కడ గడ్డిలో దొర్లుతోంది. తోడుంటానని మాటకి అంది. నిజంగా ఉండాలనుంటే గంపలోంచి దూకేది కాదూ?'

నదిమీద గాలి వీచినప్పుడు లంకనుంచి పుంజు కూత వినబడేది. పర్లకి అది నవ్వులా వినిపించేది. 'ఏదో మంచిది దొరికింది. అందరినీ పిలుస్తున్నాడు. నన్ను తప్ప.'

ఎనిమిదో రోజు వచ్చింది. గుడ్లలో పిల్లలు పూర్తిగా తయారైపోయాయి. లోపలినుంచి సన్నగా మాట్లాడడం మొదలెట్టాయి.

"అమ్మా, ఇక్కడ ఇరుగ్గా ఉంది."

"అమ్మా, ఇంకెన్నాళ్లు?"

"అమ్మా, వింటున్నావా?"

పర్ల వినడం లేదు. దాని చెవులు నది వైపు ఉన్నాయి.

మిట్టమధ్యాహ్నం పుంజు మళ్లీ కూసింది. పర్ల ఇక ఆగలేకపోయింది. లేచి నిలబడింది.

అప్పుడు వడగాలి పెరట్లో తిరుగుతోంది. తడిక సందులోంచి లోపలికి చూసి, "పర్లా, ఎక్కడికి?" అంది.

"ఒక్కసారి చూసి వచ్చేస్తాను. అది అంత గొప్పగా ఏం తింటోందో చూడాలి."

"మరి గుడ్లు?"

"నువ్వున్నావుగా. నీ వేడికి రాళ్లే ఉడుకుతాయి. గుడ్లకేమవుతుంది?"

తలుపు తడికని తలతో నెట్టింది. సందు పెద్దదైంది. అందులోంచి దూరి బయటపడింది. ఆ సందు అలాగే తెరిచి వదిలేసింది.

గట్టు దిగితే ఇసుక. పర్ల కాళ్లు చుర్రుమన్నాయి. ఒక కాలు దింపితే ఒక కాలు ఎత్తుతూ నది దగ్గరికి పరుగెత్తింది.

గోదావరి వేసవిలో సన్నగా పారుతోంది. కోడిని చూసి ఆశ్చర్యపోయింది.

"ఏమ్మా, గుడ్లమీద కూర్చున్న కోడివి కదూ! ఇలా వచ్చావేంటి?"

"నాకు దారియ్యి."

"దారికేం, ఉంది. రేవు దగ్గర లోతుంది గానీ, ఈ పక్కన ఆ రాళ్లమీంచి దూకుతూ వెళ్లొచ్చు. నీళ్లు లేక నేనే ఎండిపోయాను. కానీ ఒక్క మాట చెప్పు. లంకలో నీ అక్క సుఖంగా ఉంటే ఇంట్లో నీకు తగ్గిందేంటి?"

పర్ల అప్పటికే మొదటి రాయి ఎక్కేసింది. రాళ్లమీంచి దూకుతూ వెళ్లిపోయింది.

లంకలో గడ్డి నిజంగానే పచ్చగా ఉంది. మధ్యలో నాలుగు తడికలు, పైన కొబ్బరాకులు. నూకరత్నం దూరంగా గేదెకి గడ్డి కోస్తోంది. పర్ల తడిక పక్కన నక్కి లోపలికి చూసింది.

లోపల పండగేమీ జరగడం లేదు. నవ్వులూ లేవు. ఆరు పెట్టలు తలలు దించి మామూలుగా మేస్తున్నాయి. పుంజు ఒంటికాలిమీద కునుకుతోంది. డేగ మిగతావాటికి కాస్త ఎడంగా ఒక్కతే ఉంది. అప్పుడే దానికొక వానపాము దొరికింది. అది వానపామును ముక్కున పట్టుకుని తల ఎత్తింది.

మామూలు వానపామే. కానీ పర్ల కళ్లకి అది జానెడుంది. మూరెడుంది. లోకంలో ఉన్న తీపంతా అందులోనే ఉంది.

తడిక కింద దూరి పర్ల లోపలికొచ్చింది.

"చెల్లీ! వచ్చేశావా!" అనబోయింది డేగ. నోట్లో వానపాము ఉంది కదా, మాట సగమే వచ్చింది. ఆ సగం మాట పూర్తయ్యేలోపే పర్ల ఎగిరి ఆ నోట్లోంచి వానపామును లాక్కుంది.

అంతకుముందు ఏ కోడీ ఏ కోడి నోట్లోంచీ ఏదీ లాక్కోలేదు.

డేగ నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది.

"పర్లా!" అంది కాళ్ల కింది గడ్డి. "నీ కాలి దగ్గరే నాలుగున్నాయి. కిందికి చూడు!"

పర్ల చూడలేదు. వానపామును పట్టుకుని పరుగెత్తింది.

మిగతా అయిదు పెట్టలూ తలలెత్తాయి.

"ఎందుకలా పరుగెడుతోంది?" అంది తెల్లపెట్ట.

"గుడ్లమీంచి లేచొచ్చింది. నది దాటొచ్చింది. ఆ పురుగు కోసమే వచ్చింది" అంది నల్లటి కాకిపెట్ట.

"అయితే అది మామూలు పురుగు కాదన్నమాట!"

"మనం ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నాం. అలాంటిది మనకొక్కటీ దొరకలేదే!"

అంతే. అయిదూ నోళ్లలో ఉన్నవి వదిలేసి పర్ల వెనకాల పడ్డాయి. తెల్లపెట్ట ఒక కొస పట్టుకుంది. కాకిపెట్ట తెల్లపెట్ట నోట్లోంచి లాగింది. దాని నోట్లోంచి ఇంకొకటి లాగింది. ఈకలు ఎగిరాయి. మూకుట్లో నీళ్లు ఒలికిపోయాయి. పుంజు లేచి ఏమైందో తెలియకుండానే తనూ పరుగెత్తింది. ఒక తడిక దబ్బున పడిపోయింది.

వానపాము చాలామటుకు కాళ్ల కింద నలిగి మట్టిలో కలిసిపోయింది, చివరికి పర్లకి అంగుళం ముక్క దక్కింది. గబుక్కున మింగింది.

మింగి నిలబడింది.

తీపి లేదు, ఏమీ లేదు. పెరట్లో వాన పడిన రోజున తిన్న వానపాముల్లాగే ఉంది. అచ్చం అదే రుచి.

డేగ మెల్లగా దగ్గరికి వచ్చింది. దాని ముక్కు పక్కన చిన్న గాటు పడింది. రక్తం కనబడుతోంది.

"అడిగితే ఇచ్చేదాన్ని కదే" అంది.

పర్ల తల దించుకుంది.

"సర్లే, అది పోనీ. గుడ్లు ఎవరి దగ్గర వదిలావు?"

అప్పుడు పర్లకి గుడ్లు గుర్తొచ్చాయి. పొద్దుటినుంచీ వినని మాటలన్నీ ఒక్కసారే వినిపించాయి. అమ్మా, ఇరుగ్గా ఉంది. అమ్మా, ఇంకెన్నాళ్లు. అమ్మా, వింటున్నావా.

"అక్కా, తలుపు తీసి వచ్చేశాను!" అని ఘొల్లుమంది.

గొడవకి నూకరత్నం పరుగెత్తుకొచ్చింది. పర్లని చూసి కొడవలి కింద పడేసింది. "ఓసి నీ దుంపతెగ! నువ్విక్కడేంటే!" పర్లని ఒక చంకలో పెట్టుకుంది. డేగ కూడా వస్తానని కాళ్లకి అడ్డం పడింది. దాన్ని రెండో చంకలో పెట్టుకుంది. "ఏమయ్యా, నావ తియ్యి! తొందరగా!" అని రేవులో ఉన్న అబ్బుల్ని కేకేసింది.

నావలో పర్ల ఇంటివైపే చూస్తూ ఉంది. డేగ దాని మెడమీద తన మెడ వేసి కూర్చుంది.

వంటపాక తలుపు తడిక ఇంకా తెరిచే ఉంది. నూకరత్నం లోపలికి దూకినట్టు వెళ్లింది. మూలనుంచి ఒక ముంగిస చటుక్కున బయటికి ఉరికి గోడ ఎక్కి మాయమైపోయింది.

గంపలో ఏడు గుడ్లున్నాయి. పక్కన రెండు గుడ్ల పెంకులున్నాయి.

వడగాలి గుమ్మంలో నిలబడి ఉంది. "నేను చల్లారనివ్వలేదు పర్లా. అందరూ నన్ను తిట్టేవాళ్లే, ఇవాళైనా పనికొద్దామని వేడి పోకుండా కాశాను. కానీ వచ్చినదాన్ని ఆపడానికి నాకు చేతులు లేవు కదా" అంది.

పర్ల ఏడు గుడ్లమీదా కూర్చుంది. ఆ రెండు పెంకుల్ని నూకరత్నం తీసేయబోతే తీయనివ్వలేదు. రెక్క చాపి వాటిని కూడా లోపలికి లాక్కుంది.

ఆ రెండు రోజులూ గంప దిగలేదు. డేగ లంకకి వెళ్లకుండా గంప పక్కనే ఉండిపోయింది. గుడ్లలోంచి "అమ్మా" అంటే చాలు, "ఆఁ, ఇక్కడే ఉన్నా, ఇక్కడే ఉన్నా" అని పర్ల జవాబు చెప్పేది.

మూడో పొద్దున ఏడు పిల్లలు దిగాయి.

పిల్లల కాళ్లు కాస్త గట్టిపడేదాకా వారం రోజులు ఆగి, నూకరత్నం చెప్పినట్టే తల్లినీ పిల్లల్నీ డేగనీ నావలో లంకకి తీసుకెళ్లింది. పడిపోయిన తడికని అబ్బులు అప్పటికే మళ్లీ కట్టేశాడు. మూడు రోజులకోసారి ఆ నాలుగు తడికల్నీ కొత్త గడ్డి ఉన్నచోటికి జరిపేవాడు. ఎక్కడ జరిపినా అడుగుకో పురుగు ఉండేది.

కానీ అక్కడి కోళ్లు పాత కోళ్లు కావు. ఒకదాని నోట్లో ఏమైనా కనబడితే చాలు, మిగతావన్నీ దాని వెంట పడేవి. 'ఆ రోజు మనకి ముక్క కూడా దక్కలేదు, అలాంటిది మళ్లీ ఎవరికి దొరుకుతుందో' అని వాటి అనుమానం. నూకరత్నం నూకలు దూరం దూరంగా చల్లి చూసింది. లాభం లేకపోయింది.

పర్లకి మాత్రం నిజం తెలుసు. ఆ పురుగులో ఏమీ లేదని తెలిసింది దానికొక్కదానికే. చాలాసార్లు చెప్పింది కూడా.

"నిజంగానే మామూలు వానపామే తల్లీ" అనేది.

"తిన్నదానివి నువ్వు, అలాగే అంటావు" అనేది తెల్లపెట్ట.

అందుకని కనీసం తన పిల్లలకైనా పాత మర్యాద నేర్పాలనుకుంది. రోజూ పొద్దున్నే ఏడింటినీ నిలబెట్టి, "ఎవరిది వాళ్లు తినాలి. పక్కవాళ్ల నోట్లోకి చూడకూడదు. తెలిసిందా?" అనేది.

"తెలిసిందమ్మా" అనేవి పిల్లలు.

ఒక రోజు అన్నిటికంటే చిన్నపిల్లకి మిడత దొరికింది. దాని నోటికి మించిన మిడత. దొరికిన సంబరానికి అది మింగలేదు, పరుగెత్తింది. మిగతా ఆరూ తలలెత్తాయి. కీచుకీచుమంటూ దాని వెనకాల పడ్డాయి. వాటి వెనక తెల్లపెట్ట, కాకిపెట్ట. చివరికి డేగ కూడా.

"ఆగండి! ఏమని చెప్పాను?" అని అరవబోయింది పర్ల.

మిడత రెక్క ఎండలో పచ్చగా తళుక్కుమంది.

పర్ల కాళ్లు అప్పటికే పరుగెత్తుతున్నాయి.

అప్పటినుంచే కోళ్లకి ఆ గుణం వచ్చింది. గింజలు చల్లిన చోటే నిలబడి ఉన్నా, కాలి కింద నాలుగు పురుగులున్నా, ఒక కోడి ఏదైనా ముక్కున కరుచుకుందంటే మిగతావన్నీ తమవి వదిలేసి దాన్నే తరుముతాయి. దొరికిన కోడి కూడా అక్కడే మింగేసి ఊరుకోదు, అందరికీ కనబడేలా పరుగెడుతుంది. చివరికి ఎవరో ఒకరు మింగుతారు. మింగి, ఒక్క క్షణం మెడ పక్కకి వంచి, 'ఇంతేనా?' అన్నట్టు నిలబడతారు. ఆ వెంటనే పక్క కోడి నోట్లోకి చూస్తారు.